కాలువకు చివర, మురుగుకు ముందు

గోదావరి జిల్లాల్లో ఎవరినైనా ‘కార్యకర్త’ అని పరిచయం చేస్తే వెంటనే వచ్చే ప్రశ్న ‘ఏ పార్టీ?’ అని. జెండా లేని కార్యకర్త ఉంటాడంటే ఊరు ఓ పట్టాన నమ్మదు. డ్రెయిన్ పూడిక గురించి నలుగురితో సంతకాలు పెట్టించుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లిన మనిషి మీద సాయంత్రానికల్లా టీ కొట్టు దగ్గర రెండు మాటలు పుడతాయి. ఒకటి, ‘వచ్చేసారి సర్పంచిగా నిలబడతాడట’. రెండోది, ‘వెనక ఎవరో ఉండి నడిపిస్తున్నారు’. ఈ అనుమానాలు ఊరికే పుట్టినవి కావు. సంతకాలతో మొదలుపెట్టి టికెట్ దగ్గర తేలినవాళ్లను ఇక్కడి జనం చాలామందినే చూశారు. కాబట్టి కొత్తగా నడుం కట్టేవాళ్లకు మొదటి పరీక్ష ఓపికే. అనుమానం సద్దుమణిగేదాకా ఒకే సమస్య పట్టుకుని, ఒకే చోట, రెండు మూడు పంటల కాలం కనబడుతూ ఉండాలి.

సమస్యలకైతే కరువు లేదు. రొయ్యల చెరువుల ఉప్పు, పూడిపోయిన డ్రెయిన్లు, కౌలు రైతుకు అందని పంట నష్టం, ఏటి కోతకు జారిపోతున్న లంకలు, ఇళ్ల పక్క నుంచి పోయే గ్యాస్ పైపులు, గల్ఫ్ ఏజెంట్ల మోసాలు, దారిలేని శ్మశానాలు. అన్నిటి మీదా గొంతెత్తే మనిషి ఆరు నెలలు తిరిగేసరికి ఏ ఒక్కదానికీ అక్కరకు రాకుండా పోతాడు. మరి ఏది ఎంచుకోవాలి? డెల్టాలో ఈ ప్రశ్నకు జవాబు నేల వాలులోనే దొరుకుతుంది.

ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన కాటన్ బ్యారేజీ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా సుమారు 10 లక్షల ఎకరాలకు నీరిస్తోంది. ప్రధాన కాలువ నుంచి పిల్ల కాలువకు, అక్కడి నుంచి బోదెకు, బోదె నుంచి చేలోకి నీరు దిగుతుంది. శివారు రైతు వంతు వచ్చేసరికి ఎగువ వాళ్ల చేలు తడిసి ఉంటాయి. దాళ్వాలో, అంటే రబీ పంటకు, నీరు తగ్గి వంతులు పెట్టినప్పుడు శివారు తూము దగ్గర రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని కాపలా కాసేది ఇందుకే. మురుగు లెక్క దీనికి తలకిందులు. ఎగువ చేలల్లో పడిన వాన, పట్టణాల మురుగు, చెరువులు ఖాళీ చేసినప్పుడు వదిలే నీరు అన్నీ యనమదుర్రులోనో గొంతేరులోనో కౌశికలోనో కలిసి సముద్రం వైపు నడుస్తూ ముందుగా ముంచేది ఆ శివారునే. కాలువకు చివర, మురుగుకు ముందు ఉన్న ఊళ్లు ఇవి. డ్రెయిన్ గట్టును ఆనుకుని పేదల పేటలే ఎక్కువగా ఎందుకు ఉంటాయో పెద్దగా వెతకనక్కర్లేదు. మెరక ధర వేరు, పల్లం ధర వేరు.

అందువల్ల ఏ డిమాండునైనా భుజానికెత్తుకునే ముందు అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. ఇది గెలిస్తే శివారుకు ఏం ఒరుగుతుంది? వినడానికి తేలికే. కానీ ఈ ప్రశ్న ముందు చాలా ‘ప్రజా సమస్యలు’ నిలబడవు. ఉదాహరణకు ఎగువ గ్రామం తన పరిధిలో డ్రెయిన్ లోతు చేయించుకోవాలని ఉద్యమిస్తుంది. అధికారులు పొక్లెయిన్ పంపిస్తారు, ఫొటోలు పడతాయి, అందరికీ సంతోషం. మొదటి పెద్ద వానకు ఆ నీరంతా మునుపటికంటే వేగంగా కింది ఊరి మీద పడుతుంది. సముద్రం దగ్గర ముఖద్వారం పూడి ఉండగా పైన ఎంత తవ్వినా మునక ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారుతుందంతే. డ్రెయిన్ పని కింది నుంచి పైకి రావాలి. అలాగని ముఖద్వారం తవ్వి వదిలేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. అక్కడి స్లూయిజ్ తలుపులు తుప్పు పట్టి మూసుకోకపోతే పోటు వేళ ఉప్పునీరు వెనక్కి ఎగదన్ని చేలల్లోకి వస్తుంది. రాజోలు దీవిలో శంకరగుప్తం డ్రెయిన్ పొడవునా కొబ్బరి చెట్లు తలలు వాల్చి మోడులై నిలబడటానికి ఈ ఉప్పునీరే కారణం. ఇంత సంగతి తెలుసుకోకుండా ‘పూడిక తీయాలి’ అన్న నినాదం పట్టుకుంటే మంచి చేయబోయి పక్క ఊరికి చెరుపు చేసినట్టవుతుంది.

డ్రెయిన్ల గోడు కొత్తదేమీ కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగు పారుదల మెరుగుపరచడం కోసం రైతుల దగ్గర సెస్సు వసూలు చేయడానికి 1968లోనే ఒక చట్టం చేశారు. అప్పటి నుంచి తరాలు మారినా 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు వేల ఎకరాలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో డ్రెయిన్ల దుస్థితి ఉంది. గిట్టని ధర, పెరిగిన కూలి, కొనేవాడు లేని ధాన్యం తక్కినవి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది, దేశమంతా కోనసీమ పేరు మోగింది. 2022లో మళ్లీ కోనసీమలోనే పంట విరామం మాట వినిపించింది, దాదాపు అవే కారణాలతో.

పంట విరామాన్ని గొప్ప పోరాట రూపంగా చెప్పుకుంటారు. గొప్పదే, కాకపోతే దాని ఖర్చు ఎవరి మీద పడిందో కూడా చూడాలి. పొలం ఉన్న రైతు ఒక పంట వదులుకుంటే ఇంట్లో కొబ్బరి ఉంటుంది, పట్నంలో కొడుకు జీతం ఉంటుంది. నాట్లకు, కలుపుకు, కోతకు వెళ్లే మనిషికి ఆ సార్వా పని దినాలే ఏడాది బతుకు. అప్పుడు ఆ కూలీలను పిలిచి, వాళ్ల మాట కూడా డిమాండ్లలో మొదటి వరుసలో పెట్టి ఉంటే ఉద్యమం బరువు మరో రకంగా ఉండేది. అదీగాక ఇలాంటి అస్త్రాన్ని రెండోసారి తీస్తే మొదటిసారి ఉన్నంత పదును ఉండదు. పత్రికల్లో మొదటి పేజీ వార్త జిల్లా పేజీకి దిగుతుంది.

దీనికంటే సందడి తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న దారి ఒకటుంది. అది క్యాలెండరుతో మొదలవుతుంది. డెల్టా కాలువలు ఏటా వేసవిలో కట్టేస్తారు, జూన్ మొదట్లో మళ్లీ నీరు వదులుతారు. కాలువ పనులు, లాకుల మరమ్మతులు, గుర్రపుడెక్క తొలగింపు ఏదైనా నికరంగా జరగాల్సింది ఆ నెలా నెలన్నరలోనే. అంచనాలు ఆలస్యమై, టెండర్లు మే నెలలో తెరిస్తే, నీరొచ్చే వారం ముందు యంత్రం దిగుతుంది. పైన తేలే డెక్క పక్కకు లాగి గట్టు మీద వేస్తారు. అడుగున ఎంత తీశారన్నది నీళ్ల కింద పడిపోతుంది, బిల్లు మాత్రం పైకి తేలుతుంది. మొదటి వానకు గట్టు మీది డెక్క మళ్లీ కాలువలోకి జారుతుంది. జూన్‌లో ధర్నా చేసేవాళ్లకు దక్కేది హామీ ఒక్కటే. జనవరిలో ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, ఈ ఏడాది తమ డ్రెయిన్‌కు ఏ పని ప్రతిపాదించారు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎంత లోతు అని రాతపూర్వకంగా అడిగినవాళ్లకు మేలో పట్టుకోవడానికి ఒక కాగితం ఉంటుంది.

ఆ కాగితం తెచ్చే సాధనం 2005 నాటి సమాచార హక్కు చట్టం. దాన్ని అందరూ దరఖాస్తుల చట్టంగానే చూస్తారు. నిజానికి అందులోని 2(జె) సెక్షన్ ప్రకారం జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేయొచ్చు, వాడిన సామగ్రి నమూనా అడిగి తీసుకోవచ్చు. పనికి సంబంధించిన ఎం-బుక్ (ఇంజనీర్లు కొలతలు రాసే పుస్తకం) నకలు తీసుకుని, అందులో రాసిన లోతును కల్వర్టు దగ్గర వెదురు గెడ దింపి కొలుచుకోవచ్చు. గెడకు అడుగుకో చోట రంగు గుడ్డ కట్టాలి. ప్రతిసారీ అదే కల్వర్టు, అదే కానా (నీరు పారే కంత), ఆటు వేళలోనే కొలవాలి. పోటు వేళ కొలిచిన లెక్క పట్టుకుని వెళితే అసిస్టెంట్ ఇంజనీరు ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు, అతని తప్పూ కాదు. ఫొటోలో గెడ పక్కన తారీఖు కనపడేలా ఆ రోజు పేపరు పట్టుకుంటే ఇంకా మంచిది. సమాధానానికి గడువు 30 రోజులు. రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. చాలామంది ఆగిపోయేది మొదటి అప్పీలు దగ్గరే, ఎదుటివాళ్లకూ అది తెలుసు.

రసీదు విలువ ఎంతో చెప్పడానికి నగరం అనే ఊరు చాలు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలంలోని ఆ ఊళ్లో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. పైపు లీకవుతోందని అంతకు ముందే చెప్పామని గ్రామస్తులు అప్పట్లో విలేకరులతో వాపోయారు. అదే కోనసీమలో 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. అంత మంట చూసిన ప్రాంతంలో కూడా వాసన వస్తోందన్న మాట ఫోన్లోనో, దారిన పోయే సిబ్బందితోనో చెప్పి ఊరుకోవడమే అలవాటు. నోటిమాటకు తారీఖు ఉండదు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, జనం ఇప్పటికీ ‘గ్రీవెన్స్’ అనే దానిలో, అర్జీ ఇస్తే నంబరొస్తుంది. ‘పరిష్కరించాం’ అని మెసేజ్ పెట్టి ఫైలు మూసేసినా సరే, ఫలానా రోజున మీకు తెలుసు అని చెప్పడానికి ఆ నంబరు మిగులుతుంది.

ఇక డెల్టాలో అన్నిటికంటే చిక్కు ముడి ఆక్వా. ఇక్కడ ఎదుటి పక్షం ఎక్కడో ఉన్న కంపెనీ అనుకుంటే పొరపాటు. చెరువు తవ్వింది పక్క చేను పెదనాన్నే అయి ఉంటాడు. వరికి కౌలుగా వచ్చే బస్తాల కంటే చెరువు లీజుకు వచ్చే డబ్బు బాగా ఎక్కువ. కాబట్టి ఒకరు తవ్వితే ఊట నీరు దిగి పక్క చేను చౌడుబారుతుంది, ఆ రైతుకు కూడా తవ్వడం తప్ప దారి ఉండదు. అలా ఒక ఆయకట్టంతా చెరువైపోవడానికి నాలుగేళ్లు చాలు. చివరికి మిగిలిన వరి రైతు ఫిర్యాదు చేస్తే ‘మనోళ్ల మీదే కంప్లైంటా?’ అని చుట్టాలే నిలదీస్తారు. పెళ్లిళ్లకు పిలుపులు ఆగిపోతాయి. ఏ చట్టమూ చెప్పని ఖర్చు ఇది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ జోన్‌లో వాణిజ్య రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పిచ్చింది. దాని వెనక తీరప్రాంత రైతుల, మత్స్యకారుల కష్టం ఉంది. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి చెరువుల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. పక్కనే కొల్లేరు సరస్సును 5వ కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) దాకా 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006 నాటికి చెరువు గట్లను బద్దలుకొట్టించారు. ఆ తర్వాత గట్లు మళ్లీ ఎలా లేచాయో కొల్లేరు మీదుగా బస్సులో వెళ్లేవాళ్లకు తెలుసు. గట్టు కొట్టడానికి పొక్లెయిన్ ఉంటే చాలు. అక్కడ బతికేవాడికి మరో ఆదాయం చూపించలేదు కాబట్టి పొక్లెయిన్ అటు వెళ్లగానే గట్టు ఇటు లేచింది. ఆక్వా మీద పోరాడేవాళ్లు దీన్ని గుర్తుంచుకుంటే మంచిది.

భీమవరం దగ్గర తుందుర్రు చుట్టుపక్కల ఊళ్లలో ఆక్వా ఫుడ్ పార్కు మీద ఏళ్ల తరబడి సాగిన ఆందోళన ఈ విషయంలో గమనించదగ్గది. ప్లాంటు వ్యర్థాలు గొంతేరులో కలుస్తాయన్నది అక్కడి భయం. డ్రెయిన్ మీద ఆధారపడ్డ మత్స్యకారులూ, వరి రైతులూ ఒక్కటయ్యారు. దాన్ని జనం లేని సముద్ర తీరానికి తరలించమని అడిగారు. 144 సెక్షన్, అరెస్టులు అన్నీ నడిచాయి. ముందు వరుసలో నిలబడ్డది ఆడవాళ్లు. ఆ నేలకు అది కొత్త కాదు. ద్రాక్షారామానికి చెందిన దువ్వూరి సుబ్బమ్మ 1922లోనే సహాయ నిరాకరణలో జైలుకు వెళ్లింది. కానీ ప్లాంట్లలో రొయ్య తలలు తుంచే పనికి వెళ్లేదీ ఆడవాళ్లే. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి విషవాయువుతో 5 మంది కార్మికులు చనిపోయారు. ‘ప్లాంటే వద్దు’ అనే ఊరికీ, ‘పని పోతే ఎలా’ అనే కూలికీ మధ్య మాట కలపగలిగే అంశం ఆ ట్యాంకే. లోపల మనిషిని చంపే వ్యర్థమే బయట డ్రెయిన్‌లోకి వస్తుంది. శుద్ధి ప్లాంటు సరిగా నడవాలన్న ఒక్క డిమాండు ఇద్దరిదీ అవుతుంది.

ఇలాంటి పరిశ్రమలు వచ్చే ముందు, ఏ కేటగిరీకి వర్తిస్తుందో చూసుకుని, ప్రజాభిప్రాయ సేకరణ జరగాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చెబుతోంది. అది ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు ఆ షామియానా గుర్తుంటుంది. ముందు వరుసల కుర్చీలు ఉదయం తొమ్మిదికే నిండిపోతాయి, బస్సుల్లో వచ్చినవాళ్లతో. అసలు ఊరి వాళ్లు పని చూసుకుని పదకొండుకు వచ్చి వెనక నిలబడతారు. ఉద్యోగాలు వస్తాయి, రోడ్లు వస్తాయి అని వరసగా పది మంది మాట్లాడాక ఒక పెద్దాయన లేచి కోపంతో నాలుగు కేకలు వేస్తాడు, పోలీసులు ఆయన్ని పక్కకు తీసుకెళతారు. రికార్డులో మిగిలేది ఆ పది మంది మాటలే. ఈ కేకల కంటే పదునైనది నోటిఫికేషన్‌లోనే ఉంది. సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో పెట్టాలి. సభ ముగిసే ముందు, వచ్చిన అభ్యంతరాల జాబితాను తెలుగులో అందరికీ చదివి వినిపించాలి. చివరి దాకా కూర్చుని ‘చదవండి’ అని అడిగేవాళ్లు పది మంది ఉంటే చాలు. మాట్లాడటం రానివాళ్లు రాసి ఇచ్చినా అది రికార్డే. అనుమతి వచ్చేశాక జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లదలిస్తే గడువులు తక్కువ. నెలలు దాటాక మేలుకుంటే కేసు గుమ్మం కూడా ఎక్కదు.

కౌలు రైతు సంగతికొస్తే, డెల్టాలో దున్నేవాడు వేరు, పాసుపుస్తకం వేరు. యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. ఎకరాకు ఇన్ని 75 కిలోల బస్తాలు అని నోటి ఒప్పందం. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. రెండో దానిలో కార్డు కావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం, అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందని ఈయన భయం. ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-క్రాప్‌లో పేరు ఎక్కకపోతే తుపానుకు చేను పడిపోయినప్పుడు వచ్చే సాయం దున్నని ఖాతాలో పడుతుంది. ధాన్యం అమ్ముకోవడానికీ అదే తంటా. తేమ 17 శాతం దాటితే కొనరు, రైతు సేవా కేంద్రం దగ్గర మిషన్ ఒక అంకె చూపిస్తే మిల్లు దగ్గర ఇంకోటి చూపిస్తుంది. ఇవన్నీ ఊరేగింపులతో తేలేవి కావు. ఈ-క్రాప్ నమోదు జరిగే వారాల్లో ఇంటింటికీ తిరిగి, యజమానులకు ఫోన్ చేసి నచ్చజెప్పి, పేర్లు ఎక్కించే ఇద్దరు కుర్రాళ్లు ఊరికి దొరికితే అదే పెద్ద ఉద్యమం. ఎవరూ దండలు వేయరు గానీ.

ఉద్యమం అనగానే మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం కూడా డెల్టా వదులుకోవాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జనం రోడ్డెక్కారు, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. కాలువ కోసం మనుషుల్ని కూడగట్టే ఫోన్ గ్రూపులే దీనికీ పనికొస్తాయి. అంతకు ఐదేళ్ల ముందు పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవ ముదిరి దళితులను సాంఘిక బహిష్కరణ చేశారు. పనికి పిలవొద్దు, కౌలుకు ఇవ్వొద్దు అని ఊరంతా ఒక్క మాట మీద నిలబడటం కూడా కూడగట్టడమే. అందుకే ‘ఎంతమంది వచ్చారు’ అన్నది కొలమానం కాజాలదు. దళిత పేట లేని సభలో ఊరంతా ఒక్కటైందంటే ముందుగా అనుమానించాల్సింది ఆ ఐక్యతనే.

శ్మశానం దారి లాంటి చిన్న సమస్యలు ఇక్కడే పెద్దవవుతాయి. ఎకరం లక్షలు పలికే చోట శవాన్ని మోసుకెళ్లే బాట ఎవరి గట్టు మీద నుంచి పోవాలన్నది కులం ప్రశ్న. వానాకాలంలో మొలలోతు నీళ్లలో పాడె మోసే పేటలు డెల్టాలో ఉన్నాయి. పది అడుగుల బాట కోసం అర్జీ పెడితే సర్వేయర్ రావాలి, రైతు ఒప్పుకోవాలి, గ్రామసభలో తీర్మానం కావాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినప్పుడు పనుల జాబితాల్లో సీసీ రోడ్లు, డ్రెయిన్లు బాగానే ఎక్కాయి. ఆ జాబితాలో శ్మశానం బాట ఎక్కించగలిగిన పేటకు అది చిన్న గెలుపు కాదు.

వీటన్నిటికీ చెల్లించే ధర గురించి ముందే మాట్లాడుకోవడం మర్యాద. ధర్నా చేస్తే జైలు అన్నది అరుదు, బైండోవర్ మామూలు. స్టేషన్‌కు పిలిచి, తహసీల్దారు ముందు సంతకం పెట్టించి, ఫలానా కాలం శాంతియుతంగా ఉంటానని రాయించుకుంటారు. చదువుకున్న కుర్రాడికి అది ఉద్యోగం వెరిఫికేషన్‌లో అడ్డం వస్తుందన్న బెరుకు. కోనసీమలో, పశ్చిమ డెల్టాలో గల్ఫ్‌కు వెళ్లే ఆడవాళ్లున్న ఇళ్లు తక్కువేం కాదు, వాళ్లకు పాస్‌పోర్టు ఎంక్వైరీ భయం. అలాంటప్పుడు అర్జీలో మొదటి సంతకం ఎవరిదన్నది చిన్న విషయం కాదు. కువైట్ వీసా కోసం ఎదురుచూస్తున్న కోడలి పేరు మొదట రాయించి, ఆవిడ ధైర్యాన్ని మెచ్చుకుని వచ్చేసేవాళ్లు ఉన్నారు. పింఛను తీసుకునే ముసలాయన, పొలం అమ్మేసుకుని ఇంటి పట్టున ఉన్న రిటైర్డు టీచరు, ఇక కొత్తగా పోగొట్టుకునేదేమీ లేనివాళ్లు, పై వరుసలో సంతకం పెడితే ఆ కోడలు పదిహేడో పేరుగా, వీసా వచ్చి వెళ్లేదాకా, గెడ పట్టుకుని కల్వర్టు దగ్గర లోతు కొలుస్తూనే ఉండొచ్చు.